నూలుపోగు పట్టేంత

మిషను మీద బిగించిన షటిలు రాకెట్టు టిక్కుమంది.

చిన్న శబ్దమే. వేరుశెనక్కాయ ఒలిస్తే వచ్చేంత. అయినా గదిలో ఉన్న ఇద్దరికీ అదేమిటో తెలిసిపోయింది. కోటిలింగం చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. అతని కూతురు హిమజ వంగి చూసింది. రాకెట్టు చట్రానికి పక్కన, మిషను నొక్కి పట్టిన చోట, వెంట్రుకంత గీత పడింది.

"పోయింది," అంది హిమజ.

"గీతేగా. ఏదన్నా జిగురు పూస్తే సరిపోద్ది," అన్నాడు కోటిలింగం. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

"చట్రం పగిలితే అతుక్కోదు నాన్నా. ఇంక నాకు మిగిలింది ఒక్క బ్యాటే. దాన్ని మాత్రం నువ్వు ముట్టుకోబాకు. దణ్ణం పెడతా."

నిజంగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. దీనికన్నా తిట్టినా బావుండేది అనుకున్నాడు కోటిలింగం.

ఈ కోటిలింగం ఒకప్పుడు లారీ మనిషి. చీరాలలో గుడ్డల మూటలు ఎత్తుకుని ఎక్కడెక్కడికో తోలేవాడు. లోడుకి తాడు కట్టడంలో ఆ రోడ్డు మీద అతన్ని మించినవాడు లేడని పేరు. కాలు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజాడంటే లారీ మూలిగేది. అతను కట్టిన లోడు ఏ ఘాటు రోడ్డులోనూ జారలేదు. ఆ మాట అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

భార్య పోయాక, పసిపిల్లని ఒకరి చేతిలో పెట్టి వెళ్ళలేక, లారీ దిగిపోయాడు. ఊరి చివర మస్తానయ్యగారి మఠంలో పనికి కుదిరి, అక్కడే శిష్యుడైపోయాడు. లారీ అయితే వదిలాడు గానీ ఆ గుంజుడు వదల్లేదు. మఠంలో అతను కట్టేసిన కుళాయి రెండోవాడు తిప్పలేడు. అతను మూత పెట్టిన జాడీ కోసం వంటింటి మాణిక్యమ్మ ప్రతిసారీ కేకలు పెట్టాల్సిందే. "ఏమయ్యా కోటయ్యా, ఈ పచ్చడి మేము తినడానికా, ముందు తరాలకి దాచడానికా?" అనేదావిడ.

కూతురి విషయంలో ఇంకా గట్టి. కాలేజీ నించి ఏ సందులో రావాలో, ఎవరితో మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో అన్నీ అతనే చెబుతాడు. రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ మణికట్టు పట్టుకునే దాటిస్తాడు. ఇంటరు చదివే పిల్ల, దానికి సిగ్గు. అతనికి భయం. ఉన్నది ఒక్కతే కదా మరి.

మస్తానయ్యగారు మగ్గం మీద బతికి, మగ్గం మీదే జ్ఞానం సంపాదించిన మనిషి. ఆయన మఠంలో తెల్లారగానే ప్రార్థన, ప్రార్థన కాగానే షటిలు. బయట ఆడితే సముద్రపు గాలికి ఈకల కాక్ ఎవరి చేతికీ చిక్కదు. అందుకని ఎత్తు రేకుల ప్రార్థన హాల్లోనే నెట్టు కట్టించారు. ఇదేం వింత అని అడిగినవాళ్ళకి ఆయన దగ్గర జవాబుంది: "ధ్యానంలో కునికితే ఎవరికీ తెలవదు. షటిల్లో కునికితే కాక్ వచ్చి ముక్కు మీద పడద్ది."

ఆ గట్టింగు మిషను మాత్రం దానంగా వచ్చింది. ఒంగోలు నించి వచ్చే పళ్ళ డాక్టరొకాయన రాకెట్లకి గట్స్, అదే ఆ వల అల్లే తీగలు, తనే వేసుకుందామని సరదాపడి కొనుక్కున్నాడు. ఆయన భార్య భోజనాల బల్ల మీద నించి దాన్ని తియ్యమని పదిసార్లు చెప్పి, పదకొండోసారి "అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది. మర్నాటికల్లా మిషను మఠానికి చేరింది.

చూడ్డానికి పెద్దదేం కాదు. పీటంత అడుగు, దాని మీద గిర్రున తిరిగే పళ్ళెం. రాకెట్టు తలకాయ పళ్ళెం మీద పెట్టి, కొసన ఒక చోట, పిడి వైపు ఒక చోట బిగించాలి. పక్కలకి రెండేసి చొప్పున ఇనప చేతులుంటాయి, మరలు తిప్పితే అవి దగ్గరికొచ్చి చట్రాన్ని ఆనుకుంటాయి. ఒక రాడ్డు, దానికో బరువు. గట్ తగిలించి రాడ్డు వదిలితే బరువు కిందికి దిగి గట్‌ని లాగుతుంది. బిగించే పని కనక ఎవరూ చెప్పకుండానే కోటిలింగం దాని దగ్గర కూచున్నాడు. మొదట కూతురి మంచి రాకెట్టే పెట్టాడు. ఆ టిక్కు ఆ రాకెట్టుదే.

అది జరిగింది మంగళవారం. వచ్చే ఆదివారం ఒంగోల్లో జిల్లా సెలక్షన్లు. అందులో నెగ్గితే హిమజ గుంటూరులో హాస్టల్లో ఉండి ఆడుకుంటూ చదువుకోవచ్చు. ఆ పిల్ల రెండేళ్ళుగా దాని గురించే కలలు కంటోంది. కోటిలింగం రెండేళ్ళుగా దాని గురించే నిద్ర మానేశాడు.

అతను గురువుగారి దగ్గరికి పోయాడు. ఆయన అరుగు మీద రాట్నం ముందు కూచుని పక్కింటి మగ్గానికి కండెలు చుడుతున్నారు. గురువైనా ఆ పని మానలేదాయన.

"గురువుగారూ, నా తప్పేందో నాకు తెలవట్లా. పైనా కిందా బిగించా. పక్క చేతులు నాలుగూ బిగించా. వేలు పెట్టి కదిపితే ఎక్కడా కదల్లా. కదలకుండా కట్టింది పగలడమేంది?"

మస్తానయ్యగారు రాట్నం ఆపారు. కండె మీద నించి జానెడు నూలుపోగు తెంపి అతని చేతిలో పెట్టారు.

"ఇది దగ్గర పెట్టుకో. మిషను కాడికి పోయినప్పుడు పనికొస్తది."

అంతే చెప్పి మళ్ళీ రాట్నం తిప్పుకున్నారు.

కోటిలింగానికి ఒళ్ళు పులకరించింది. పోగుని కళ్ళకద్దుకున్నాడు. వంటింట్లోకి పోయి పసుపడిగి పూశాడు. కుడి మణికట్టుకి చుట్టి, ఒకవైపు పంటితో పట్టి, లారీ ముడి వేశాడు. ఆ ముడి ఎట్లాంటిదంటే కోసి తియ్యాలే గానీ విప్పి తియ్యలేరు.

సాయంత్రానికి మఠమంతా గుప్పుమంది. గురువుగారు కోటయ్యకి రక్ష కట్టారట. అప్పటిదాకా మోకాలి నొప్పికి తైలాలు రాసుకుంటున్న మాణిక్యమ్మ ముందు పరిగెత్తింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు. మస్తానయ్యగారు ఎవరినీ కాదనలేదు. "నూలుకేం కరువు?" అంటూ అడిగిన వాళ్ళందరికీ జానెడు చొప్పున తెంపి ఇచ్చారు. ఇస్తున్నంతసేపూ మీసాల్లో నవ్వుకుంటూనే ఉన్నారు. అందరూ చేతులు చాపితే ముళ్ళు మాత్రం కోటిలింగమే వేశాడు.

మర్నాడు అతను మఠం రాకెట్టొకటి మిషనెక్కించాడు. గురువుగారి పోగు చేతికుంది, ఇంక భయమేంటని ఒక్కో మరా ఇంకో అర చుట్టు ఎక్కువే తిప్పాడు. నిలువు గట్స్ మధ్యలోంచి మొదలుపెట్టి నాలుగు లాగాడు. అయిదోదానికి టిక్కుమంది.

ఈసారి చుట్టూ జనం ఉన్నారు. అందరూ అతని మణికట్టు వంక చూసి, తరవాత తమ మణికట్ల వంక చూసుకున్నారు.

"పసుపు తక్కువైందేమో," అంది మాణిక్యమ్మ.

ఆ రాత్రి అన్నాలప్పుడు హిమజ మెల్లిగా మాట కదిపింది.

"నాన్నా, ఆదివారం ఒంగోలు..."

"వద్దు."

"బస్సులో గంటన్నర నాన్నా. మధ్యాహ్నానికి..."

"వద్దన్నానా."

పిల్ల పళ్ళెంలో అన్నం అటూ ఇటూ జరుపుతూ కూచుంది. అది చూడలేకపోయాడు కోటిలింగం. చూడలేకపోవడంతో కోపం వచ్చింది.

"సరే పో! ఒంగోలు పో, గుంటూరు పో, యాడికన్నా పో. నీ ఇష్టం. నాకు చెప్పబాకు, నన్నడగబాకు."

హిమజ తలెత్తి చూసింది. "వద్దన్నప్పుడే నయంగా ఉంది నాన్నా," అని పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

గురువారం పొద్దున కోటిలింగం మూడో రాకెట్టు పెట్టాడు. బిగిస్తే పగులుతోంది కదా, అసలు బిగించడమే మానేద్దామనుకున్నాడు. పక్క చేతులు నాలుగూ వెనక్కి తిప్పేసి రాడ్డు వదిలాడు. గట్ లాగేకొద్దీ చట్రం పొట్టిదై పక్కలకి ఉబ్బసాగింది. కోడిగుడ్డులా ఉండాల్సింది గుమ్మడికాయ వాటంలోకి దిగుతోంది. అతను గుడ్లప్పగించి చూస్తుండగా వెనక నించి ఒక చెయ్యి వచ్చి రాడ్డు పైకెత్తింది. చట్రం మళ్ళీ తన రూపానికొచ్చింది.

మస్తానయ్యగారు రాడ్డు పట్టుకునే అన్నారు: "కోటయ్యా, నీకు రెండే విద్యలొచ్చు. కట్టెయ్యడం, లేకపోతే వదిలెయ్యడం."

రాకెట్టు గురించేనా ఆ మాట అని అడగబోయి కోటిలింగం నోరు మూసుకున్నాడు. రాత్రి సంగతి ఈయనకి ఎవరు చెప్పుంటారా అని మాణిక్యమ్మ వంక అనుమానంగా చూశాడు. పాపం, ఆవిడకేమీ తెలియదు.

గురువుగారి చూపు అతని మణికట్టు మీద పడింది. పసుపు పూసిన పోగు, దాని మీద లారీ ముడి. ఆయన ముందు కళ్ళు చిట్లించి చూశారు. తరవాత నవ్వారు. పొట్ట పట్టుకుని, కండువాతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూసి మళ్ళీ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం దాకా ఇట్లాగే గడిచింది. హిమజ తన ఒక్క రాకెట్టుతోనే హాల్లో ఆడుతోంది. కోటిలింగం గడప మీద కూచుని చూస్తున్నాడు, చూడనట్టు.

ఉన్నట్టుండి ఆ పిల్ల ఎగిరి ఒక దెబ్బ కొట్టింది. ఫట్టుమని గట్ తెగింది. కాక్ ఎటో అడ్డంగా ఎగిరిపోయి హాలు మధ్య ట్యూబులైటు మీద కూచుంది.

హిమజ కాక్ వంక చూడలేదు. పరుగున వెళ్ళి కత్తెర తెచ్చి, మిగిలిన గట్స్‌ని మధ్యలోంచి మొదలెట్టి చకచకా కత్తిరించేసింది. ఒకటి తెగాక మిగతావి చట్రాన్ని ఒక పక్కకి లాగుతాయి, ఆలస్యం చేస్తే వంకరపోతుంది. పని పూర్తయ్యాక ఒంగోలు షాపుకి ఫోను చేసింది. సెలక్షన్ల కోసం జిల్లాలో బ్యాట్లన్నీ తన కొట్టులోనే ఉన్నాయనీ, సోమవారానికి గానీ కుదరదనీ చెప్పాడతను.

ఫోను పక్కన పెట్టి, ఖాళీ చట్రం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూచుండిపోయింది. మఠం బ్యాట్లు మోటువి, సెలక్షన్లకి పనికిరావు. ఇంక ఈ ఊళ్ళో గట్టింగు మిషను ఒక్కటే ఉంది. దాని దగ్గర కూచునే మనిషి గడప మీద ఉన్నాడు. ఆమె అడగలేదు. అతనూ ఇమ్మనలేదు.

అలికిడికి హాల్లోకి వచ్చిన మస్తానయ్యగారు అక్కడ చేరినవాళ్ళందరినీ ఒకసారి చూశారు.

"ముందు ఆ కాక్ సంగతి చూద్దాం. బల్ల తెండి. దాని మీద స్టూలెయ్యండి."

వేశారు. ఎవరెక్కాలా అని అనుకునేలోపే ఆయన పంచె ఎగ్గట్టి బల్ల ఎక్కారు. బల్ల మీద నించి స్టూలెక్కారు. డెబ్బై దాటిన మనిషి. మాణిక్యమ్మ "అయ్యో, ఎవరన్నా పట్టుకోండయ్యా!" అని గోల పెట్టింది.

పట్టుకోవడమంటే కోటిలింగానికి ఒకరు చెప్పాలా? ఒక్క ఉదుటున బల్లెక్కి గురువుగారి పిక్కలు రెండూ చుట్టేశాడు. కాలు తన్నిపెట్టి, నడుము వంచి, లోడు పట్టినట్టు పట్టాడు.

మస్తానయ్యగారు చెయ్యి చాపారు. కాక్ ఇంకా జానెడు దూరంలో ఉంది. మునివేళ్ళ మీద లేద్దామని చూశారు. మడమ కదల్లేదు.

"కోటయ్యా."

"పట్టుకున్నా గురువుగారూ. భయపడబాకండి."

"భయం నాకు కాదులే నాయనా. ఆ కాళ్ళు నావి. ఒక్క నిమిషం నాకిచ్చెయ్యి."

హాలంతా గొల్లుమంది. కోటిలింగం ముఖం జేవురించింది. ఆ సిగ్గులో రెండు చేతులూ ఒక్కసారిగా వదిలేసి బల్ల దిగిపోయాడు. స్టూలు కాలు టకామని లేచింది. మాణిక్యమ్మ కెవ్వుమంది. గురువుగారు గభాలున పైనున్న ఇనప గొట్టం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"ఇప్పుడు మొత్తం ఇచ్చేశావు," అన్నారు పైనుంచి. గొంతులో కోపం లేదు. "హిమజా, నువ్వు రామ్మా."

హిమజ రాకెట్టు కింద పెట్టి వచ్చి బల్లెక్కింది. ఆయన కాళ్ళకి చెరో వైపు అరిచేతులు పెట్టింది. పట్టుకోలేదు. అరిచేతికీ కాలికీ మధ్య సందుందో లేదో కోటిలింగానికి కిందనించి తెలియలేదు.

మస్తానయ్యగారు మునివేళ్ళ మీద లేచారు. స్టూలు కొంచెం అటు ఒరిగింది. ఆయన కాలు వచ్చి ఆ పిల్ల అరిచేతికి ఆనుకుంది. అరిచెయ్యి నెట్టలేదు, వెనక్కీ పోలేదు. ఉన్నచోటే ఉంది. కాలు తనంతట తనే సర్దుకుంది. ఆయన కాక్ తీసి జేబులో వేసుకుని, చక్కగా దిగి, ఏమీ జరగనట్టు అరుగు మీదికి పోయి రాట్నం ముందు కూచున్నారు.

జనం చెదిరిపోయారు. కోటిలింగం మాత్రం బల్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఎట్టా పట్టుకున్నావమ్మా?"

"పట్టుకోలేదు నాన్నా. అక్కడున్నానంతే."

"ఎవరు నేర్పారు?"

హిమజ అతని వంక వింతగా చూసింది. "నువ్వే. నాకు సైకిలు నేర్పినప్పుడు సీటు పట్టుకోకుండా పక్కనే పరిగెత్తావు గదా. నేను ఒరిగినప్పుడల్లా నీ చెయ్యి తగిలేది. పడనిచ్చేవాడివి కాదు."

నిజమే. వాడరేవు రోడ్డు మీద, లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని, రొప్పుతూ పరిగెత్తాడు. మొత్తం మర్చిపోయాడు.

"అప్పుడు నీకు భయం లేదా నాన్నా?"

"ఎందుకుండదూ? ఇప్పుడున్నంతే ఉండేది," అన్నాడు కోటిలింగం.

అరుగు మీద రాట్నం గిరగిరా తిరుగుతోంది. దాని మీద నూలు సాగుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ అతను తన మణికట్టు వంక చూసుకున్నాడు. గురువుగారు అన్న మాట ఇప్పుడు చెవికెక్కింది. మిషను కాడికి పోయినప్పుడు పనికొస్తదన్నారు గానీ, చేతికి కట్టుకోమని ఎవరన్నారు?

ముడి విప్పబోయాడు. తను వేసిన ముడి తనకే లొంగలేదు. గోళ్ళతో పీకి, పళ్ళతో కొరికి, దబ్బనం తెచ్చి పొడిచి, చివరికి ఎట్లాగో విప్పాడు. పోగున్న చోట చర్మం గాడిపడి ఎర్రగా ఉంది. ఇన్నాళ్ళూ చెయ్యి తిమ్మిరెక్కుతుంటే అది గురువుగారి మహిమ అనుకున్నాడు.

"అమ్మా, బ్యాటిస్తావా?"

హిమజ వెంటనే ఇవ్వలేదు. నాన్న ముఖం చూసింది, చేతిలో వేలాడుతున్న పోగు చూసింది. తరవాత రెండు చేతులతో అందించింది.

కోటిలింగం చట్రం చుట్టూ గోరు పోనిచ్చి పగుళ్ళేమన్నా ఉన్నాయేమో చూశాడు. గట్ దూరే బొక్కల్లో ప్లాస్టిక్ గొట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కోటీ చూశాడు. పళ్ళెం మీద పెట్టి ముందు కొస, తరవాత పిడి వైపు, కదలకుండా ఉండేంత బిగించాడు. అప్పుడు పక్క చేతులు. ఇటు కొంచెం, అటు కొంచెం, ఒకదాని తరవాత ఒకటి దగ్గరికి తెచ్చాడు. చట్రానికీ ఇనప చేతికీ మధ్య నూలుపోగు పెట్టి లాగి చూశాడు. పోగు రాలేదు. మర పావు చుట్టు వెనక్కి తిప్పాడు. ఈసారి పోగు ఊరికే జారి కింద పడింది. ఇంకో వెంట్రుకంత ముందుకి తిప్పాడు. పోగు లాగితే వచ్చింది, లాగకపోతే ఉంది.

నాలుగు చేతుల దగ్గరా అట్లాగే చూశాడు. తర్వాత నిలువు గట్ మధ్యలోంచి ఇటొకటి అటొకటి లాగడం మొదలుపెట్టాడు. బరువు దిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. చట్రం కొంచెం కదిలింది. వచ్చి ఇనప చేతులకి ఆనుకుంది. అవి నెట్టలేదు, వెనక్కి పోలేదు. టిక్కుమనే శబ్దం ఎక్కడా రాలేదు.

నిలువు పూర్తయి అడ్డం మొదలెట్టేసరికి మస్తానయ్యగారు ఉండబట్టలేక లేచొచ్చారు. "పడుగు అయిందిగా. పేక నాది, జరుగు," అని అతన్ని పక్కకి తోసి కూచున్నారు. ఆ వయసులో ఆయన వేళ్ళు గట్‌ని ఒకదాని పైనా ఒకదాని కిందా పోనిస్తుంటే చూడ్డానికి హిమజకీ కోటిలింగానికీ రెండు కళ్ళూ చాల్లేదు. ఆఖరి ముడి మాత్రం కోటిలింగాన్నే వెయ్యమన్నారు. అతను వేశాడు. గురువుగారు దాన్ని వేలితో తాకి చూసి, రాకెట్టు హిమజకి అందించారు.

ఆదివారం తెల్లారుజామున హిమజ సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే కోటిలింగం వెనక నించి అడిగాడు.

"నేను రావాలా?"

అతను అట్లా అడగడం ఆ పిల్ల పుట్టాక అదే మొదలు. హిమజ నవ్వింది.

"రా. వెనక వరసలో కూచో. అరవబాకు."

ఒంగోల్లో బస్సు దిగి పెద్ద రోడ్డు దాటాలి. కోటిలింగం చెయ్యి అలవాటుగా కూతురి మణికట్టు మీదికి పోయింది. దారిలోనే ఆగింది. వెనక్కి తీసుకోకుండా ఆమె చేతి పక్కనే ఉంచాడు. అంతలో ఒక లారీ లోడు ఊగుతూ వచ్చింది. తాళ్ళు వేలాడుతున్నాయి. "ఆ లోడు ఏ తలమాసినోడు కట్టాడో," అని గొణుక్కుంటూ అతను అటు చూస్తుండగా, హిమజ అతని రెండు వేళ్ళు గట్టిగా పట్టుకుని రోడ్డు దాటించింది.

మొదటి గేము ఓడింది. గేము అయిపోగానే వెనక్కి తిరిగి చూసింది. వెనక వరసలో నాన్న ఉన్నాడు. అరవడం లేదు, చేతులూపడం లేదు. ఎక్కడ ఊపుతానో అని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తనే కూచున్నాడు. ఆ పిల్లకి నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళి మిగతా రెండు గేములూ గెలిచింది. ఆ తరవాత ఆటలు కూడా. సాయంత్రం చదివిన పేర్లలో ఆమె పేరుంది.

వచ్చే నెల గుంటూరు. ఆ మాట విన్నప్పుడు కోటిలింగానికి ఇంక ఇంట్లో అన్నానికి ఒక్క పళ్ళెమే అన్న సంగతి తోచింది. అదే క్షణంలో పక్కవాడి భుజం తట్టి "మా అమ్మాయే" అని కూడా చెప్పుకున్నాడు. రెండూ నిజమే.

వాళ్ళు మఠానికి తిరిగొచ్చేసరికి రాత్రి ప్రార్థనకి అందరూ హాల్లో చేరుతున్నారు. హిమజ గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టి రాకెట్టు చూపించింది. ఆయన చట్రం చుట్టూ వేలు పోనిచ్చి చూసి, తల ఊపి తిరిగిచ్చారు.

కోటిలింగం జేబులోంచి నూలుపోగు తీసి ఆయన ముందు పెట్టాడు. పసుపు పోయి నల్లబడి ఉంది.

మస్తానయ్యగారు దాన్ని తీసుకోలేదు. హాలు వంక చూశారు. అక్కడ అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించి కూచున్నారు. ప్రతి మణికట్టుకీ పసుపు పోగుంది, ప్రతి పోగుకీ లారీ ముడుంది. మాణిక్యమ్మ ప్రార్థన చేస్తూనే మధ్యమధ్యలో చెయ్యి విదిలించుకుంటోంది. ఆవిడ వేళ్ళు అరటిపళ్ళలా ఉబ్బాయి.

"కోటయ్యా, కట్టింది నువ్వే కదా. వెళ్ళి విప్పు."

కోటిలింగం "అట్టాగే గురువుగారూ" అని, దబ్బనం అందుకుని, లారీ మనిషి అంగల్లో పోయి మాణిక్యమ్మ చెయ్యి పట్టుకోబోయాడు.

వెనక నించి గురువుగారి గొంతు వినిపించింది.

"మెల్లిగా."